యాభై ఒక్క శాతం కాఫీ

ముందుగా ఒక శుభవార్త. మన తూర్పు కనుమల కాఫీ పారిస్‌లో దొరుకుతోంది. నిన్నటి మాట కాదు, 2017లోనే అక్కడ అరకు పేరుతో దుకాణం వెలిసింది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో జీ20 సభలకు ఢిల్లీ వచ్చిన దేశాధినేతలకు మన ప్రభుత్వం కానుకల పెట్టెలు పంచింది. శీషం కర్ర పెట్టె, దానికి ఇత్తడి పనితనం. లోపల కశ్మీరు కుంకుమపువ్వు, సుందర్‌బన్ తేనె, వాటి సరసన అరకు కాఫీ. 2024 జూన్‌లో ప్రధానమంత్రి రేడియోలో నోరారా పొగిడారు. 2025 మార్చిలో ఏకంగా పార్లమెంటు ఆవరణలోనే అరకు కాఫీ స్టాళ్లు తెరిచారు. కెమెరాల ముందు కప్పులు లేచాయి.

సంతోషం. చప్పట్లు. ఇక ఆ కప్పు కింద పెట్టి తెలంగాణ అంచున ఉన్న అశ్వారావుపేట రండి.

సెంటర్‌లో ఏదో ఒక టీ కొట్టు ముందు నిలబడి కాఫీ అడగండి. 'ఉంది సార్' అంటాడు. మిషన్ మీట నొక్కుతాడు. అది ఒకసారి మూలుగుతుంది. రెండుసార్లు దగ్గుతుంది. బొటనవేలంత కాగితం కప్పులోకి గోధుమరంగు నురగ కక్కుతుంది. వేడిగా ఉంటుంది. తియ్యగా ఉంటుంది. ఇంకెలా ఉంటుంది? ఇంకెలాగూ ఉండదు. 'ఇది ఏ కొండ గింజ అన్నా?' అని అడిగి చూడండి. 'పౌడర్ సార్' అంటాడు. అతని తప్పేం లేదు. అతనికి వచ్చిన సంచి అంతకు మించి కథ చెప్పదు.

పారిస్ వాడికేమో గింజ పుట్టిన ఊరు, పెరిగిన ఎత్తు, పండించిన రైతు ముఖం చూపించి అమ్ముతాం. పక్క కొండ కింద బతికేవాడికి పౌడర్ అని పోస్తాం. బాగుందా?

అరకు ఎక్కడ, అశ్వారావుపేట ఎక్కడ అని అడ్డం రాకండి. కథ అరకులో మొదలు కాలేదు. 1898లో బ్రోడీ అనే ఇంగ్లిషువాడు పాములేరు లోయలో మొదటి కాఫీ మొక్కలు నాటాడని చెబుతారు. పాములేరు ఎక్కడ? భద్రాచలం నుంచి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కి దిగండి, అక్కడ. అంటే మన అడవి అంచే. అక్కడి నుంచే ఆ చెట్టు మెల్లగా అరకు, పాడేరు దిక్కుకు నడిచింది. పోడు మానుకోండి, కాఫీ పెట్టుకోండి అని ఆదివాసులకు సర్కారు పాఠం చెప్పింది. వాళ్లు పెట్టుకున్నారు. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఓక్ మానుకు మిరియం తీగ. పండు కోస్తారు, తోలు తీస్తారు, కడుగుతారు, ఎండబెడతారు. 2025లో అరకు తోటల్లో బెర్రీ బోరర్ పురుగు పడితే గుండెలు బాదుకున్నదీ వాళ్లే. పెట్టె మీద ఇత్తడి పనితనం గురించి వాళ్లకెవరైనా చెప్పారో లేదో.

సరే, దూరం కాదన్నమాట. మరి అడ్డం ఏమిటి? సరిహద్దు అంటారు. అబ్బో, సరిహద్దు! ఆ సంగతి మాకు నేర్పుతారా? అశ్వారావుపేటను ఆనుకుని ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో పోలవరం పేరు చెప్పి ఆంధ్రలో కలిసిపోయాయి. మనుషుల్ని, ఇళ్లను, చెరువుల్ని, గుడులను, అడవిని ఒక్క కాగితం ముక్కతో హద్దు దాటించిన మహానుభావులు మన పాలకులు. పావుకిలో కాఫీ పొడి ప్యాకెట్‌ను ఇటువైపు దాటించలేరా?

గిరిజన సహకార సంస్థ పుట్టింది 1956లో. ఆదివాసి సేకరించింది, పండించింది దళారి పాలు కాకుండా కొని జనానికి అమ్మడం దాని పని. రాష్ట్రం చీలింది, సంస్థా చీలింది. కాఫీ కొండలు ఆంధ్ర ముక్కకు పోయాయి. మంచిదే, పంపకాలన్నాక ఏదో ఒకటి పోతుంది. కానీ రెండు ముక్కలూ గిరిజనుల కోసమే పుట్టాయి కదా? ఒకరి తేనె ఒకరు, ఒకరి కాఫీ ఒకరు అమ్ముకుంటే కొంపలేమైనా అంటుకుంటాయా? మండల కేంద్రంలోని కిరాణా కొట్లో పేస్టు దొరుకుతుంది, బ్లేడు దొరుకుతుంది, కొరియా నూడుల్స్ దొరుకుతాయి. పక్క కొండ కాఫీ అడిగితే మాత్రం 'ఆన్‌లైన్‌లో చూడండి' అంటారు. అంటే కొండ మీది గింజ ఎక్కడో గోదాములో విశ్రాంతి తీసుకుని, మళ్లీ మన గుమ్మంలోకి కొరియర్ సంచిలో దిగాలి. పైగా డెలివరీ చార్జీ మనదే.

దేశానికి మాత్రం ఏం ఒరిగింది? మనం పండించే కాఫీలో సుమారు 70 శాతం ఎగుమతి. మంచి గింజ ముందు ఓడ ఎక్కుతుంది. మిగిలింది మనకు. పోనీ, ఆ మిగిలిందైనా తిన్నగా ఇస్తారా?

ఇక్కడే అసలు తమాషా. చేతికందిన కాఫీ ప్యాకెట్ తీసుకోండి. ముందువైపు చూడకండి. అక్కడ ఆవిరి, చిరునవ్వు, కొత్త పెళ్లికూతురు ఉంటారు. చిన్నక్షరాల దగ్గరికి రండి. కళ్లజోడు పెట్టుకోండి. కాఫీ ఇంత, చికోరీ ఇంత అని ఉంటుంది. ఆహార నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంతే నియమం. అంటే 49 శాతం చికోరీ దట్టించినా అది దర్జాగా కాఫీ అరలోనే కూర్చుంటుంది. అసెంబ్లీలో మెజారిటీ లెక్క కాఫీ డబ్బాలోకి ఎవరు దించారు? సగం మీద ఒక్కటి ఉంటే చాలు, మిగతా సభ అంతా ఏమైనా కావచ్చా? పాలవాడు 49 శాతం నీళ్లు పోసి 'మెజారిటీ పాలే కదమ్మా' అంటే ఊరుకుంటారా? చెంబు తిరగేస్తారు.

చికోరీ అంటే ఏమిటో తెలుసుగా? ఒక మొక్క వేరు. తవ్వి, ముక్కలు కోసి, ఎండబెట్టి, మాడ్చి, పొడి చేస్తారు. అందులో కెఫీన్ ఉండదు. నల్లరంగు ఉంటుంది, చిక్కదనం ఉంటుంది, కొంచెం చేదు, కొంచెం తీపి. నెపోలియన్ కాలంలో ఓడలు ఆగిపోయి కాఫీ గింజ దొరక్క ఫ్రాన్సు జనం ఈ వేరు కాచుకుని తాగారు. వాళ్లకు యుద్ధం. మనకేం వచ్చింది? గింజ మన కొండ మీదే ఉందే! ఇప్పుడు చూడండి వింత. ఆనాడు చికోరీ తాగిన ఫ్రాన్సువాడు ఈనాడు అరకు తాగుతున్నాడు. అరకు పక్కనున్నవాడు చికోరీ తాగుతున్నాడు. చక్రం బాగానే తిరిగింది, మన వేలి మీదుగా.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నాకు చికోరీ మీద పగేం లేదు. ఎనభై పాళ్లు కాఫీకి ఇరవై పాళ్లు చికోరీ కలిస్తే డికాక్షన్ చిక్కగా దిగుతుంది, గేదె పాలను తట్టుకుంటుంది. అలా ఇష్టపడి తాగేవాళ్లున్నారు, తాగనివ్వండి. నా గొడవ రుచితో కాదు, దొంగచాటుతనంతో. కలిపితే కలిపామని కొట్టవచ్చినట్టు పెద్దక్షరాల్లో వేయండి. ఆవిరి బొమ్మంత సైజులో వేయండి. ఎందుకు వేయరు?

అంతకన్నా రసవత్తరమైన పొట్లం ఇంకొకటుంది. అశ్వారావుపేట అంటే పామాయిల్ అని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఊరు దాటితే గెలల తోటలు, ఊళ్లో ఫ్యాక్టరీ. 2021లో కేంద్రం పామాయిల్ కోసం ప్రత్యేకంగా జాతీయ మిషన్ ప్రకటించింది. వరి వద్దు, గెల ముద్దు అని ఊరూరా చెప్పారు. ఇప్పుడు 'త్రీ ఇన్ వన్' కాఫీ పొట్లం ఒకటి వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదవండి. బరువులో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది వెనుక రాయాలన్నది నిబంధన. ముందు చక్కెర. ఆ తర్వాత క్రీమర్. చివర్లో ఎక్కడో తలొంచుకుని కాఫీ. ఈ క్రీమర్ అంటే పాల మీగడ అనుకునేరు! చాలా రకాల్లో అది గ్లూకోజ్ సిరప్, గడ్డ కట్టించిన పామ్ గింజల నూనె. శభాష్! మొత్తానికి మన ప్రాంతం పంట కాఫీలో చేరిపోయింది. కాకపోతే పాల వేషంలో చేరింది. పూరీలో అదే, మిక్చర్‌లో అదే, చివరికి కాఫీలోనూ అదే. ఇక తలకు రాసుకోవడం ఒక్కటే మిగిలింది.

పన్ను సంగతి వినండి, నవ్వొస్తుంది. వేయించిన కాఫీ గింజ మీద జీఎస్టీ 5 శాతం. ఇన్‌స్టంట్ కాఫీ మీద 18 శాతం ఉండేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి దాన్నీ 5కి దించారు. పేపర్లలో పండగ. పూర్తి పేజీ ప్రకటనలు. మీ సెంటర్‌లో కప్పు ధర ఎంత తగ్గింది? పోనీ, కప్పు ఎంత పెరిగింది? అడుగుతున్నానంతే.

ఇక ప్రభుత్వ సమావేశం కాఫీ. దాని ముందు టీ కొట్టు మిషన్ కాఫీ అమృతం. ఏదో ఒక హాలు. వెనక ఫ్లెక్సీ. 'గిరిజన ఉత్పత్తులకు మార్కెటింగ్ సౌకర్యాలు'. దాని కింద స్థానిక వస్తువులే వాడాలని నినాదం. మైకు ముందు పెద్దమనిషి గంటసేపు అడవి తేనె గురించి, ఇప్పపువ్వు లడ్డు గురించి, కాఫీ బ్రాండ్ గురించి గొంతు చించుకుంటాడు. మధ్యలో అటెండరు ట్రే పట్టుకొస్తాడు. ట్రేలో ఏముంది? ప్రీమిక్స్! కాగితం కప్పు! పక్కన రెండు గ్లూకోజ్ బిస్కెట్లు! ఆ కాగితం కప్పు లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వేడి నీళ్లు పోసి పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలోకి 25 వేల ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు 2020లో తేల్చారు. ప్లాస్టిక్ నిషేధం మీద సమావేశంలోనూ ఆ కప్పే. ఆదివాసి ఉత్పత్తుల మీద సమావేశంలోనూ ఆ పొడే. హాల్లో కూర్చున్న ఒక్కరికైనా గొంతులో అడ్డుపడదా? అడ్డుపడదు. చక్కెర ఎక్కువ కదా, జారిపోతుంది.

పాపం, అంతా వాళ్ల పాపమేనా? మన అటక ఎక్కి చూడండి. పాత ఇత్తడి ఫిల్టర్ ఉంటుంది. చిలుముపట్టి, పనికిరాని తాళంచెవుల కింద. ఒకప్పుడు పచ్చి గింజ తెచ్చి మంగలంలో వేయించేవారు. గింజ చిటపటమని పగిలే దాకా చెయ్యాపకుండా తిప్పేవారు. పొట్టు ఊదేసి, చల్లారబెట్టి, కిటికీ చెక్కకు బిగించిన కాఫీ మరలో వేసి పిడి తిప్పేవారు. ఆ వాసనకు పక్కింటివాళ్లు ఏదో ఒక వంక పెట్టుకుని వచ్చేవారు. ఆ మర ఏమైంది? పాత సామాన్లవాడికి ఇచ్చి ప్లాస్టిక్ బకెట్ తీసుకున్నాం. చల్లగా ఉన్నాం.

ఇప్పుడు పెళ్లిళ్లలో ఆ ఇత్తడి మళ్లీ ప్రత్యక్షమైంది. 'కుంభకోణం డిగ్రీ కాఫీ' అని బోర్డు. తళతళలాడే డబరాలు వరుసగా. పట్టుపంచె కట్టిన కుర్రాడు మూరెడెత్తు నుంచి తిరగబోస్తాడు. వీడియోవాళ్లు మూగుతారు. కౌంటర్ వెనక్కి వెళ్లి చూస్తే? కత్తెర, చించిన ప్రీమిక్స్ కవర్లు. ఇత్తడి చూడ్డానికి, పొడి తాగడానికి. కుంభకోణం మాట ఏమోగానీ కుంభకోణం మాత్రం నిజం.

మంచి కాఫీ ఇంట్లో చేసుకోవాలంటే ఏం కావాలి? దీనికి డీపీఆర్ అక్కర్లేదు. టెండరు అక్కర్లేదు. శంకుస్థాపన అసలే అక్కర్లేదు. రెండు గిన్నెల స్టీలు ఫిల్టర్ ఒకటి. పై గిన్నె అడుగున సన్నటి చిల్లులు. ఆ చిల్లులు మూసుకుపోతే పొయ్యి మంట మీద ఒక నిమిషం పట్టుకోండి, ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. ముగ్గురికి మూడు పెద్ద చెంచాల పొడి. కక్కుర్తి పడకండి. చెంచాన్నర పొడితో ముగ్గురికి కాఫీ ఇవ్వడం ఎన్నికల హామీల శాఖ పని, వంటింటి పని కాదు. పొడి మీద ఫిల్టర్‌లోని గొడుగు పెట్టి మెత్తగా అదమండి. పిడికిలి బిగించి నొక్కితే తెల్లారినా చుక్క దిగదు. మరీ మెత్తటి పొడైనా అంతే. నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగి, చుట్టూ తిప్పుతూ ఒక గ్లాసు పోయండి. మూత పెట్టండి. పక్కకు వెళ్లండి. పావుగంట, ఇరవై నిమిషాలు. మూత తీసి తీసి తొంగి చూస్తే త్వరగా దిగదు. దిగిన డికాక్షన్‌ను మళ్లీ పొయ్యి మీద పెట్టి మరిగించేవాళ్లకు జైలు లేదు గానీ ఉండాల్సింది. మరిగిందా, వాసన పోయి చేదు మిగులుతుంది. పాలు అప్పుడే కాచినవి, ఒక్క పొంగు వచ్చినవి. పొద్దుటి నుంచి నాలుగుసార్లు కాగిన పాలు కాఫీని చంపుతాయి. ఒక వంతు డికాక్షన్, మూడు వంతులు పాలు. చక్కెర మీ ఇష్టం, డాక్టరు ఇష్టం.

ఇంతే విద్య. ఈ విద్యకు అడ్డుపడేది పొడి ఒక్కటే కాదు, నీళ్లూ పాలూ కూడా. కప్పులో ఎక్కువ భాగం నీళ్లే కదా. ఇంటింటికీ నల్లా అని 2016లో మిషన్ భగీరథ మొదలుపెట్టారు. నల్లాలు వచ్చాయి. మరి ఇరవై లీటర్ల క్యాన్ల ఆటో ఇప్పటికీ పాట పెట్టుకుని వీధివీధీ ఎందుకు తిరుగుతోంది? బోరు నీళ్లలో ఉప్పు, నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన, క్యాన్ నీళ్లలో ఏ రుచీ లేదు. అన్ని ఖనిజాలూ పీకేసిన నీళ్లలో కాఫీ చప్పగా దిగుతుంది. పాల సంగతి సరేసరి. ప్యాకెట్ మీద టోన్డ్ అని ఉంటే 3 శాతం వెన్న, ఫుల్ క్రీమ్ అని ఉంటే 6 శాతం. కాఫీకి రెండోదే పనికొస్తుంది. గేదె ఉన్న ఇల్లు దొరికితే వాళ్లతో స్నేహం చేసుకోండి. ఎమ్మెల్యే పరిచయం కన్నా ఉపయోగం.

ఈ లోపు హైదరాబాద్ నుంచి జ్ఞానులు దిగుతారు. సెలవులకు వచ్చిన మేనల్లుడు ఉంటాడు చూడండి, వాడే. సంచిలోంచి గాజు గరాటు తీస్తాడు. కొంగమెడ కెటిల్. గ్రాములు చూపే త్రాసు. ఫోన్లో టైమరు. 'మామయ్యా, పోర్ ఓవర్ తాగావా ఎప్పుడైనా?' పదిహేను గ్రాముల పొడికి రెండొందల ఇరవై ఐదు గ్రాముల నీళ్లు, చుట్టూ పోయాలి, ముప్పై సెకన్లు ఆగాలి, మళ్లీ పోయాలి. జూబ్లీహిల్స్‌లో ఈ తతంగానికి కప్పుకు మూడొందలు గుంజుతారని గర్వంగా చెబుతాడు. ఒరేయ్ నాయనా, పొడి మీద వేడి నీళ్లు పోస్తే కింద చుక్కలు పడుతున్నాయి. మీ అమ్మమ్మ చేసిందేమిట్రా? 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు ఇత్తడి గిన్నెకు చిల్లులు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితం అందులో వేసి వడకట్టింది. దాని మీద కంపెనీ లేచింది. మన ఇళ్లలో పాత ధోవతి గుడ్డలో బెల్లం కాఫీ వడకట్టారు. దాని మీద ఏం లేచింది? ఆవిరి లేచింది.

వాడి కాఫీ బాగోలేదని అనను. పాలు పోయకుండా తాగితే అరకు గింజలోని పండు వాసన పట్టుబడేది ఆ గాజు గరాటులోనే. ఫ్రెంచ్ ప్రెస్ అయితే నాలుగు నిమిషాల పని, కడగడం ఒక్కటే రోత. ఇటలీవాళ్ల మోకా పాట్ 1933 నాటి సరుకు, గ్యాస్ పొయ్యి మీద బుసకొడుతూ మన డికాక్షన్‌కు దగ్గరి చుట్టంలాంటి చిక్కటి రసం ఇస్తుంది. అన్నీ మంచివే. కానీ వీటన్నిటిలోకీ వేసే పొడి మాత్రం వేయించి వారం పదిరోజులు దాటనిది కావాలి. అది ఎక్కడ దొరుకుతుంది? ప్యాకెట్ మీద నింపిన తేదీ ఉంటుంది, వాడాల్సిన గడువు ఉంటుంది. వేయించిన తేదీ వెతకండి చూద్దాం. నాలుగు వేల కెటిల్ కొని నాలుగు నెలల పొడి వేస్తే ఏమొస్తుంది? ఖరీదైన వేడి నీళ్లు వస్తాయి.

అడగాల్సింది పెద్దదేం కాదు. మండల కేంద్రానికో చిన్న కొట్టు. అందులో గింజ వేయించే యంత్రం ఒకటి, మర ఒకటి. నడిపేది ఇక్కడి కోయ ఆడవాళ్ల సంఘం. గింజ కొండ దిగి వస్తుంది, పొడి వేడివేడిగా ఇంటికి వెళ్తుంది. వేయించిన తేదీ సంచి మీద పెన్నుతో రాస్తారు. పారిస్‌లో అద్దెకు దుకాణం దొరికిన గింజకు ఇక్కడ ఒక షట్టరు దొరకదా? ఈ మాట పైకి అంటే కమిటీ వేస్తారు. కమిటీ అధ్యయన యాత్ర కావాలంటుంది. యాత్ర ఎక్కడికో చెప్పాలా? పారిస్‌కే.

అందాకా ఫిల్టర్ దించుకుని తోముకోండి. మొదటి డికాక్షన్ మీకు, మీవాళ్లకు. ఆ పిప్పి మీదే మళ్లీ నీళ్లు పోస్తే పల్చగా, రంగు మాత్రం ఉన్న రెండో డికాక్షన్ దిగుతుంది. పారబోయకండి. ఈసారి ఓట్లు అడగడానికి గుమ్మంలోకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి అది పోయండి. ముఖం చిట్లిస్తే చెప్పండి, 'నిబంధనల ప్రకారం 51 శాతం ఉంది సార్, తాగండి.'